సంఘం జాతీయవాదానికి ఎంతవరకు చోటివ్వవచ్చు?

ప్రశ్న

మా సంఘ యువజనుల బైబిలు అధ్యయనానికి ఈసారి "జాతీయవాదం, క్రైస్తవ సంఘం" అనే అంశాన్ని తీసుకున్నాం. సిద్ధపాటు కోసం కూర్చున్న తొలి చర్చలోనే మాటలు రెండు వైపులా చీలిపోయాయి. అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయం చెబుతోంది కాబట్టి, ఆరాధన మందిరంలో జాతీయ పతాకం ఉంచడంలోనూ, యుద్ధంలో దేశం గెలవాలని ప్రార్థించడంలోనూ తప్పేమీ లేదని కొందరు అన్నారు. మన పౌరస్థితి పరలోకంలో ఉందని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు కదా, దేశం గొడవ సంఘానికి దేనికని మరికొందరు అన్నారు. నాకు ఈ రెండు జవాబులూ అసంపూర్ణంగానే కనిపిస్తున్నాయి. దేశాన్ని ప్రేమించడానికీ, జాతీయవాదానికి లొంగిపోవడానికీ మధ్య గీత ఎక్కడ ఉంది? చరిత్రలో జాతీయవాదం సంఘాన్ని మార్చివేసిందా, లేక సంఘమే దానిని పెంచి పోషించిందా? ఈ విషయాన్ని చదివినవారు, ఆలోచించినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1

మీ రెండో ప్రశ్నను ముందు చూస్తే మొదటిది తేలికవుతుందని నా అభిప్రాయం. జాతీయవాదానికి సంఘం తనకు తెలియకుండానే పునాది రాళ్లు అందించింది. ఆ తరువాత అదే జాతీయవాదం సంఘాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకుంది. సంఘ సంస్కర్త లూథర్ అనువదించిన జర్మన్ కొత్త నిబంధన 1522లోనూ, సంపూర్ణ బైబిలు 1534లోనూ అచ్చయ్యాయి. వేర్వేరు యాసలు మాట్లాడేవారికి అవి ఒకే రాతభాషను అలవాటు చేశాయి, మనమంతా ఒకే ప్రజ అనే భావన తరువాతి కాలంలో ఆ భాష మీదనే ఆనుకుని పెరిగింది. అదే 1534లో ఇంగ్లండు పార్లమెంటు తమ రాజును ఆ దేశ సంఘానికి భూలోక శిరస్సుగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అయితే అప్పటికి విధేయత రాజుకే గాని జాతికి కాదు.

1789లో ఫ్రెంచి విప్లవం సార్వభౌమాధికారం జాతిదేనని ప్రకటించడంతో పరిస్థితి పూర్తిగా మారింది. మరుసటి ఏడాదే వచ్చిన ఒక చట్టం బిషప్పులను, గురువులను ఓటర్లు ఎన్నుకోవాలని, వారికి ప్రభుత్వమే జీతం ఇవ్వాలని, వారు జాతికి విధేయులమని ప్రమాణం చేయాలని శాసించింది. ప్రమాణానికి నిరాకరించిన గురువులు ముందు పదవులు పోగొట్టుకున్నారు, తరువాత ఎందరో దేశబహిష్కారానికి, కొందరు మరణానికి కూడా గురయ్యారు. సమాజం వైపు నుండి చూస్తే ఈ మార్పులో మేలు లేదని నేను అనను. ప్రభువుల కులీనత చెదిరిపోయి, ఎన్నడూ ముఖం చూడని మనిషి పట్ల కూడా తోటి పౌరుడనే బాధ్యత పుట్టింది. కాని ఆ బాధ్యతకు ఒక హద్దు కూడా పుట్టింది. మాట్లాడే భాషలోనో, ఆచరించే మతంలోనో, పుట్టిన వంశంలోనో తేడా ఉన్నవాడు సొంత ఊళ్లోనే అనుమానితుడయ్యాడు.

దీని ఫలితం 1914లో బట్టబయలైంది. జర్మన్ సైనికుల్లో అత్యధికుల నడికట్టు బిళ్లపై "దేవుడు మనతో ఉన్నాడు" అన్న మాటలు చెక్కి ఉండేవి; వారికి ఎదురుగా నిలిచిన సైన్యాల వెంట కూడా అదే క్రీస్తు నామంలో ప్రార్థించే గురువులే ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరులో 93 మంది జర్మన్ మేధావులు తమ దేశ యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటనపై సంతకాలు చేశారు, వారిలో హార్నాక్ వంటి పేరుపొందిన వేదాంత పండితులు ఉన్నారు. తనకు వేదాంతం నేర్పినవారి పేర్లు అక్కడ చూసిన స్విస్ కాపరి, వేదాంతి కార్ల్ బార్త్ వారు నేర్పిన వేదాంతం మీదే నమ్మకం కోల్పోయాడు. పోపు 15వ బెనెడిక్టు 1917లో ఈ యుద్ధాన్ని వ్యర్థమైన సంహారమని పేర్కొంటూ శాంతి ప్రతిపాదన పంపితే, ఇరుపక్షాలవారూ ఆయన శత్రువు వైపు మొగ్గుతున్నాడని నిందించారు.

జవాబు 2

పై వివరణకు కొనసాగింపుగా, మీ అధ్యయనంలో ఒక పూట మొత్తం 1933, 1934 సంవత్సరాల జర్మనీకి కేటాయించమని సూచిస్తున్నాను. హిట్లర్ ప్రభుత్వం యూదు వంశమూలాలున్న ఉద్యోగులను తొలగించే నిబంధన తెచ్చినప్పుడు, "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గం దానినే సంఘానికీ వర్తింపజేయాలని పట్టుబట్టింది. 1933 సెప్టెంబరులో జర్మనీలోని అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యా సంఘపు మహాసభ దానికి ఆమోదం తెలిపింది. అంటే బాప్తిస్మం పొంది, అభిషేకం పొంది, ఏళ్ల తరబడి వాక్యపరిచర్య చేసిన కాపరి కూడా తన తాత లేక అవ్వ యూదులైతే ఆ పరిచర్యకు అనర్హుడన్నమాట. నవంబరు 13న బెర్లిన్ క్రీడాభవనంలో వేలమంది ముందు ఆ వర్గం నాయకుడొకడు పాత నిబంధననే వదిలించుకోవాలని ప్రసంగించాడు. అది విన్నాకగాని చాలామంది కాపరులకు కళ్లు తెరుచుకోలేదు.

1934 మే నెలాఖరులో జర్మనీలోని బార్మెన్‌లో ప్రొటెస్టంట్ శాఖలైన లూథరన్, రిఫార్మ్‌డ్, ఐక్య సంఘాల నుండి 139 మంది ప్రతినిధులు సమావేశమై, యేసుక్రీస్తు ఒక్కడే సంఘం వినవలసిన, లోబడవలసిన దేవుని వాక్యమని, వేరే సంఘటనలను గాని, శక్తులను గాని, నాయకులను గాని దైవ ప్రత్యక్షతగా సంఘం అంగీకరించదని ప్రకటించారు. ఎంతో ధైర్యమైన పత్రం అది. అయినా ఆ ఆరు సూత్రాల్లో ఎక్కడా యూదుల ప్రస్తావన లేదు. దాని ముఖ్య రచయిత బార్త్ తరువాత ఆ మౌనాన్ని తన తప్పుగానే ఎంచాడు. సంఘం తన స్వాతంత్ర్యం కోసం నిలబడినప్పుడు కూడా పొరుగువాడి ప్రాణాన్ని మరచిపోగలదని ఈ చరిత్ర చెబుతోంది. మీ యువజనులు ఈ భాగాన్ని దాటవేయకుండా చూడండి.

జవాబు 3

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, జాతీయవాదమంటే ఎప్పుడూ బలవంతుడిదే అన్నట్లు చర్చ సాగుతోంది. అణచివేతకు గురైన జాతి సంగతి ఏమిటి? 1919 మార్చి 1న జపాన్ పాలన నుండి కొరియా స్వాతంత్ర్యాన్ని ప్రకటిస్తూ సంతకం చేసిన 33 మందిలో 16 మంది క్రైస్తవులు. ఐగుప్తు దాస్యం నుండి విడుదల కథను చదివే ప్రజ తమ దాస్యాన్ని గురించి మౌనంగా ఉండాలని కోరడం న్యాయం కాదు. అదే జపాన్ పాలకులు తమ సంప్రదాయ మతమైన షింటో ఆలయాల ముందు వంగి నమస్కరించాలని ఒత్తిడి చేసినప్పుడు, 1938లో కొరియా ప్రెస్బిటేరియన్ మహాసభ పోలీసుల కనుసన్నల్లో సమావేశమై, అది మతాచారం కాదు, దేశభక్తి క్రియ మాత్రమేనని తీర్మానించింది. దానిని తిరస్కరించిన కాపరి జు గి-చోల్ 1944లో చెరసాలలోనే మరణించాడు. మీ బృందంలో "ఇది కేవలం దేశభక్తి, ఆరాధన కాదు" అని వాదిస్తున్నవారు ఆ తీర్మానాన్ని గురించి ఆలోచించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూడో జవాబు నా ఆలోచనను సరైన చోట కుదిపింది. అయితే నేను ఇంకా పతాకం దగ్గరే ఆగిపోయాను. పీడితుల జాతీయవాదం ఒకటి, పీడకులది మరొకటి అంటే, ఏది ఏదో తేల్చడానికి సంఘానికి కొలత ఏది? పీడితుడినని చెప్పుకోని జాతీయవాది నాకు ఇంతవరకు కనిపించలేదు.

జవాబు 4

మీరు అడిగిన కొలత ప్రభువు బల్ల దగ్గరే దొరుకుతుందని నమ్ముతున్నాను. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘం 1857లో చేసిన తీర్మానం చదవండి. విశ్వాసులందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఆ తీర్మానమే ఒప్పుకుంది. అయినా "కొందరి బలహీనత" కారణంగా నల్లవారు, మిశ్రవర్ణులు వేరే భవనంలో కూడుకోవచ్చునని అనుమతి ఇచ్చింది. ఆ బలహీనత ప్రభు భోజనంలో పక్కవాడి చర్మం రంగును సహించలేని తెల్లవారిదే. 1881 నాటికి ఆ అనుమతి వేరే సంఘంగా మారింది. 1948లో వర్ణ వివక్ష రాజ్య విధానమైనప్పుడు దానిని సమర్థించిన వేదాంతులకు సంఘంలోని ఈ విభజనే సిద్ధమైన నమూనాగా ఉపయోగపడింది. ఇక్కడ జాతీయవాదం బయటి నుండి వచ్చి సంఘాన్ని పాడుచేసిందనలేము, సంఘమే ముందు దారి చూపింది. వేరు చేయబడిన ఆ మిశ్రవర్ణుల సంఘమే 1982లో బెల్హార్ విశ్వాస ప్రకటన ముసాయిదాను రచించి, 1986లో దానిని స్వీకరించి, ఐక్యత, సమాధానం, న్యాయం సువార్తకు చెందినవేనని ఒప్పుకోలు చేసింది. తమను బల్ల నుండి పంపివేసినవారినే అది తిరిగి బల్లకు పిలిచింది.

కాబట్టి పీడితుడినని ఎవరు చెప్పుకుంటున్నారన్నది నేను మొదట అడగను. ఈ జాతీయ భావన వల్ల మన బల్ల దగ్గరికి రాలేకపోతున్నది ఎవరు, మన ప్రార్థనల్లో పేరు వినబడనిది ఎవరిది అని అడుగుతాను. మార్చి 1న సంతకం చేసిన కొరియా క్రైస్తవులు ఎవరినీ బల్ల నుండి వెళ్లగొట్టలేదు, 1933 ప్రష్యా సంఘం వెళ్లగొట్టింది. కాన్‌స్టాంటినోపుల్‌లో 1872లో జరిగిన ఆర్థడాక్స్ సభ కూడా ఒకే చోట జాతుల వారీగా వేర్వేరు సంఘాలు ఏర్పరచడాన్ని తప్పుడు బోధగా ఖండించింది. ఆ సభలో గ్రీకుల పలుకుబడే ఎక్కువ, తమకు వేరే సంఘం కావాలన్న బల్గేరియన్లపై వారి పంతం కూడా అందులో ఉంది. అయినా ఆ సూత్రం సరైనదే.

పతాకం విషయానికి వస్తే, బల్ల పక్కన దానిని నిలపవద్దనే నా సలహా. పొరుగు దేశం నుండి వచ్చిన విశ్వాసి ఆ ఆదివారం మీతో రొట్టె విరవడానికి వస్తే, అతని ముందు ఉండవలసినది రొట్టె, పాత్ర మాత్రమే. ప్రార్థన మాత్రం మానకండి. చెరలో ఉన్నవారిని బబులోను క్షేమం కోసమే ప్రార్థించమని యిర్మీయా ఆజ్ఞాపించాడు, అది వారిని ఓడించిన పట్టణం. మీ బృందంలో దేశం కోసం ప్రార్థించేవారు అదే ప్రార్థనలో శత్రుదేశపు సంఘాల కోసం, అక్కడ మరణించినవారి కుటుంబాల కోసం కూడా ప్రార్థించేలా చూడండి. దానికి ఎవరైనా అభ్యంతరం చెబితే, మీ తరువాతి అధ్యయనానికి ఆ అభ్యంతరాన్నే అంశంగా తీసుకోండి.