ముదిరిన కాయ, పండిన కాయ: రెండింటికీ 'పరిపక్వం' అనే ఒక్క మాట సరిపోతుందా?

కృష్ణాతీరం:
మామిడి రైతుల కోసం ఒక కరపత్రాన్ని తెలుగులోకి తెస్తున్నాను. కాయ మెచ్యూర్ అయ్యాక, రైప్ కాకముందే కోయాలన్నది అందులో విషయం. పాత తర్జుమాలో "పరిపక్వానికి వచ్చిన, పక్వం కాని కాయలను కోయండి" అని ఉంది. మా నాన్నకి చదివి వినిపిస్తే "ఇంతకీ పక్వానికి వచ్చినట్టా, రానట్టా?" అన్నారు. "ముదిరిన కాయలను పండకముందే కోయండి" అని రాద్దామని నాకు ఉంది. నాతో పనిచేసేవాళ్లేమో ముదురు అన్న మాట బాగోదు, పరిపక్వమే శాస్త్రీయం అంటున్నారు. మీరేమంటారు?

పదకోశం:
పరిపక్వమే ఉంచండి. ముదురు బెండకాయ కూరకి పనికిరాదు. ముదిరిన జబ్బు ఒక పట్టాన తగ్గదు. "వాడు ముదురు" అంటే మెచ్చుకున్నట్టు కాదు. ముదిరిన కాయ అని చదివిన రైతు కోత ఆలస్యమైందేమోనని టెన్షన్ పడతాడు.

చిన్నరసం:
పదకోశం గారూ, బెండకాయని లేతగా తింటాం కాబట్టి దానికి ముదరడం చెడు. కొబ్బరికాయకి, పసుపు కొమ్ముకి ముదరడమే కావాలి. ఆవకాయకి కాయలు కొనేటప్పుడు ఎవరైనా ఏమడుగుతారు? టెంక కట్టిన ముదురు కాయలే కదా. ఆ మాటకి అక్కడ ఏ తప్పూ లేదు.

మాది నూజివీడు వైపు. కాయ ముదిరిందో లేదో చూడటం చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని. కాయ భుజాలు, అంటే ముచ్చిక (తొడిమ అంటుకున్న చోటు) పక్కనుండే భాగాలు, నిండి ముచ్చిక కంటే పైకి లేస్తాయి, ముచ్చిక చుట్టూ చిన్న గుంట పడుతుంది. అనుమానంగా ఉంటే బకెట్ నీళ్లలో వేస్తాం. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. ఒకటి కోసి చూస్తే కత్తికి టెంక అడ్డుపడుతుంది, టెంక చుట్టూ కండ తెలుపు పోయి లేత పసుపుకి తిరిగి ఉంటుంది. తొక్క మాత్రం ఇంకా ఆకుపచ్చే, నొక్కితే రాయే. దీన్ని పక్వం అంటే మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. గడ్డిలో మాగేశాక మొదట దోరగా అవుతుంది, ఆ తర్వాతే పండు.

ఈ తేడా తెలియకపోతే నష్టం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాం. "పక్వానికి వచ్చాకే కోయండి" అని ఎక్కడో చదివి మా బాబాయి చెట్టు మీద రంగు తిరిగేదాకా ఆగాడు. గాలివానకి సగం రాలిపోయింది. మిగిలింది మార్కెట్‌కి చేరేలోపే మెత్తబడింది. ఆ ఏడాది పిన్ని ముఖం చూడలేకపోయాం.

లేతగా కోసినా నష్టమే. కాయల్ని త్వరగా మాగబెట్టే కార్బైడ్ వాడకం ఎలాగూ నిషేధం. 2016లో అనుమతి వచ్చిన ఇథిలీన్ వాయువుని 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి వంద భాగాలు) లోపు పద్ధతిగా పట్టించినా, ముదరని కాయకి రంగు వస్తుంది కానీ రుచి రాదు.

బత్తాయితోట:
మాది నల్గొండ. మాకు ఈ ఇబ్బంది లేదు. బత్తాయి, నిమ్మ, దానిమ్మ, ద్రాక్ష కోశాక పండవు, చెట్టు మీద ఎంత తీపెక్కితే అంతే. వీటికి పక్వం అనే ఒక్క మాట చాలు. మామిడి, అరటి, సపోటా, బొప్పాయి లాంటివాటికే రెండు మాటలు కావాలి. అందుకని ఆ మాటని మొత్తానికే తీసేయమనకండి.

పదకోశం:
చిన్నరసం గారు చెప్పింది చదివాక ధాతువు దగ్గరికి వెళ్లాను. పక్వం 'పచ్' నుంచి వచ్చింది, వండటం అని అర్థం. పాకం కూడా అక్కడిదే. అంటే పక్వమైనదంటే ఉడికినది, తినడానికి సిద్ధమైనది. ముదరడానికి ఆ మాట వాడటం పొరపాటే, ఒప్పుకుంటున్నాను. మన తెలుగులోనూ వండు–వంట, పండు–పంట ఒకే తీరున ఉన్నాయి, చూడండి.

అయితే మనుషుల దగ్గర నా మాట నిలుస్తుంది. తలపండిన మనిషి అంటే గౌరవం, ముదిరిన మనిషి అంటే కాదు. నోము పండుతుంది, గోరింటాకు పండుతుంది, చివరికి పాపం కూడా పండుతుంది. మెచ్యూరిటీ ఉన్న కుర్రాడికి మాత్రం పరిపక్వత తప్ప ఇంకో మాట నాకు కనిపించడం లేదు.

చిన్నరసం:
పరిణతి ఉంది కదండీ. ఇంట్లో అనుకునే మాట కావాలంటే పెద్దరికం. వయసుకి మించి మాట్లాడితే మా నాన్నమ్మ "ముదిరిపోయాడు" అనేది. అదే పిల్లాడు చెల్లెలికి ముందు పెట్టి తర్వాత తాను తింటే "వీడికి పెద్దరికం వచ్చిందే" అని మురిసిపోయేది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఇలా రాశాను: "టెంక ముదిరి, భుజాలు నిండిన కాయలను పండకముందే కోయండి. ఆ తర్వాత మాగబెట్టండి." నాన్నకి మళ్లీ వినిపించాను. "ఇప్పుడు తెలిసింది. ముచ్చిక కొంచెం ఉంచి కోయమని కూడా రాయి, సొన కారితే తొక్క మీద మచ్చ పడుతుంది" అన్నారు. అది కూడా కలుపుతున్నాను.