మోయం, మోయలేం: ఆ ‘లే’ ఉందా, లేదా?

పాతపుటలు: చాలా ఏళ్ల కిందట ఒక వారపత్రికలో ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లా రేవు కార్మికుల మీద వ్యాసం చదివాను. చివర్లో వాళ్ల మాటగా ఒక వాక్యం ఉంది. ‘ఈ ఇనుము మేం మోయం’ అనా, ‘ఈ ఇనుము మేం మోయలేం’ అనా? వారం నుంచి బుర్రలో ఇదే. నా చెవిలో ‘మోయలేం’ అనే మోగుతోంది. ఎవరికైనా గుర్తుందా?

అచ్చుతప్పు: ‘మోయం’ అయ్యుంటుంది. 1938 నవంబర్ 15న డాల్‌ఫ్రమ్ ఓడ దగ్గర వాళ్లు పని ఆపింది బరువెక్కువై కాదు. ఆ ఇనుము జపాన్ చేరి, బాంబులై చైనా మీద పడుతుందని. ‘లే’ పెడితే చేతకానితనం వచ్చేస్తుంది. సమ్మెకు దిగినవాళ్ల నోట అది ఎందుకొస్తుంది?

పద్యప్రియ: ‘లే’ ఉంటే చేతకానితనమేనా? ‘ఆ మాట నేను అనలేను’ అంటాం. నాలుక తిరగక కాదు, మనసొప్పక. ‘చూస్తూ ఊరుకోలేం’లో ఉన్నదీ ఆ ‘లే’నే. చైనాలోని నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం ఊచకోత కోసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇనుము మోయగలరు, ఆ పాపం మోయలేరు. నా ఓటు ‘మోయలేం’కే.

అచ్చుతప్పు: ‘ఊరుకోలేం’ ఒప్పుకుంటాను. అయితే ‘మొయ్యం’ అని కూడా ఉండొచ్చు కదా. పైకి అరిచి చూడండి. లెక్కకు రెండింట్లోనూ రెండు గురువులే. కానీ ‘మోయం’లో గొంతు సాగుతుంది, ‘మొయ్యం’లో టక్కున తెగుతుంది. నినాదానికి తెగే మాటే కావాలి.

లంగరు: నాకు ‘మోయడం’ మీదే అనుమానం. ఓడలోకి సరుకు ఎక్కిస్తారు. రేవు పని తెలిసినవారు రాసి ఉంటే ‘ఎక్కించం’ అని రాసేవారు. ఇంకో మాట. ఇది దుక్క ఇనుము, ఇంగ్లిష్‌లో ‘పిగ్ ఐరన్’. దీన్ని ‘పంది ఇనుము’ అని రాసినవాళ్లూ ఉన్నారు, చదివినప్పుడల్లా బాధేస్తుంది. కరిగిన ఇనుమును నడుమ ఒక పెద్ద కాలవ, దానికి పక్కగా చిన్న అచ్చులు ఉండేలా పోసేవారు. తల్లిపంది దగ్గర పాలు తాగే పిల్లల్లా కనబడేవని ఆ పేరు పడింది.

అచ్చుతప్పు: అందుకే ‘పిగ్ ఐరన్ బాబ్’ను తెలుగు చేయకూడదంటాను. అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ మెన్జీస్‌కు ఆ గొడవలోనే ఆ పేరు అంటుకుంది, తర్వాత ప్రధాని అయినా వదల్లేదు. ‘దుక్క ఇనుము బాబ్’ అంటే అందులో తిట్టు పోతుంది. లైసెన్సు తీసుకున్నవాడికే రేవులో పని అంటూ ఆయన ప్రయోగించిన 1928 చట్టాన్ని కార్మికులు పిలిచిన పేరు మాత్రం తెలుగులో చక్కగా కుదురుతుంది: ‘కుక్కబెల్టు చట్టం’.

పద్యప్రియ: ఈ కథ విన్నప్పుడల్లా నాకు గురజాడ గుర్తొస్తాడు. ‘సొంత లాభం కొంత మానుకు’. ఆ పొరుగువాడు పక్కింటివాడే అని ఎందుకనుకోవాలి? సముద్రం అవతలి చైనావాడి కోసం పది వారాలు కూలి వదులుకున్నారు వీళ్లు. ‘కొంత’ కాదు, మొత్తం. ‘పొరుగువాడికి తోడ్పడవోయ్’ అంటే ఇదే కదా!

అచ్చుతప్పు: ‘తోడుపడవోయ్’ అండీ, ‘తోడ్పడవోయ్’ కాదు. ‘సొంత లాభం’ ఏడు మాత్రలు, ‘కొంత మానుకు’ ఏడు, ‘పొరుగువాడికి’ ఏడు. ‘తోడుపడవోయ్’ కూడా ఏడే. ‘డు’లో ఉకారం పోతే ఆరు. ‘మానుకొని’ అని పాడేవాళ్లు ఎనిమిది చేస్తారు. ఇంత లెక్కగా కట్టిన నడకను మనం చెడగొట్టకూడదు.

పద్యప్రియ: దిద్దుకున్నాను. మాత్రలు లెక్కపెట్టకుండా రాశాను.

లంగరు: ఇంకో సందేహం. ఆ వ్యాసం 1967 నాటి బూనారూ గురించి కాదు కదా? వియత్నాంలోని ఆస్ట్రేలియా సైన్యానికి సామగ్రి తీసుకెళ్లే ఆ ఓడ ఎక్కబోమని నావికుల సంఘం చెప్పేసింది. చివరికి నౌకాదళం వాళ్లే నడుపుకున్నారు. అదైతే వాక్యం ‘నడపం’ అయ్యుండాలి.

పాతపుటలు: లేదండీ, ఇనుమే. సిడ్నీలోని చైనావాళ్లు సమ్మె చేస్తున్న కుటుంబాలకు లారీలో కూరగాయలు, పళ్లు పంపేవారని అందులో చదివింది బాగా గుర్తు. ఆ పేరా నన్ను ఏడిపించింది.

పద్యప్రియ: అయితే నాది ఇంకా బలపడింది. 1939 జనవరిలో వాళ్లు చివరికి ఆ ఇనుమే ఎక్కించారు. ‘మోయం’ అన్నవాడు తర్వాత మోస్తే మాట తప్పినట్టు. ‘మోయలేం’ అన్నవాడు మోస్తే మనసు చంపుకున్నట్టు. రాసినాయన ఇది తెలిసే ‘లే’ పెట్టి ఉంటాడు.

అచ్చుతప్పు: మాట తప్పారంటే నేను ఒప్పుకోను. డిసెంబర్‌లో ఉక్కు కార్ఖానా ఆపేసి సుమారు 4000 మందికి పని లేకుండా చేశారు. అంత ఒత్తిడిలోనూ మరో నెల నిలబడ్డారు. తర్వాత జరిగినదాన్ని బట్టి ముందు అన్న మాటలో ‘లే’ చేర్చడం న్యాయం కాదు.

పాతపుటలు: మీ ఇద్దరివీ చదివాక ఇప్పుడు ఇంకొకటి పట్టుకుంది. అందులో ‘మేం’ అనే ఉందా, ‘మనం’ అని ఉందా? ‘మేం మోయం’ అయితే ఓడవాడితో అన్నట్టు. ‘మనం మోయలేం’ అయితే వాళ్లలో వాళ్లు అనుకున్నట్టు.