ఏడుగురు తొక్కితే పసుపు జెర్సీ ఒక్కరికేనా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా అమ్మాయి రోజూ పాతపట్నం దాకా సైకిలు తొక్కి వస్తుంది. ఫోనులో 2024 మహిళల టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం చూసి, "నాన్నా, కాన్యన్-స్రామ్ జట్టులో ఏడుగురు కదా, గెలిచినవారి పసుపు జెర్సీ నీవియాదోమాకే ఎందుకిచ్చారు?" అని నిలదీసింది. వాలీబాల్ తప్ప మరో ఆట ఎరగని నాకు జవాబు తోచలేదు. ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు (రాయగడ):
ఎదురుగాలిలో ఎప్పుడైనా మరొకరి వెనకాలే తొక్కారా అన్నయ్యా? కాళ్లు సగం తేలికవుతాయి. జట్టులో మిగతావాళ్లు నాయకురాలికి సహాయకులు, వాళ్ల పని అదే. ముందుండి ఆమెకు గాలి తగలకుండా కాస్తారు. జట్టు కారు దగ్గరికి వెనక్కి వెళ్లి, నీళ్ల సీసాలు వీపున జెర్సీలో కుక్కుకుని మళ్లీ ముందుకొస్తారు. మిగిలిన బలమంతా నాయకురాలు చివరి కొండ మీద ఖర్చు పెడుతుంది.

జవాబు (బరంపురం):
ఆ ఏడాది నీవియాదోమాకీ, రెండో స్థానంలో నిలిచిన వోలరింగ్‌కీ మొత్తం సమయంలో తేడా 4 సెకన్లే! ఐదో దశలో వోలరింగ్ కింద పడి వెనకబడింది. చివరి రోజు ఆల్ప్ ద్యుయెజ్ కొండ ఎక్కి దశ గెలిచినా ఆ 4 సెకన్లు పూడలేదు. నాకైతే ఇప్పటికీ మింగుడు పడలేదు.

ప్రశ్న అడిగినవారు:
చదివి వినిపించాను. ఈ ఉదయం తమ్ముణ్ణి గాలి కాయమని ముందు పెట్టింది. వాడు సరిహద్దు దాటకముందే దిగిపోయి, నీళ్ల సీసా కూడా తానే ఖాళీ చేశాడట.