కీమోకు వచ్చేవాళ్ల ఆత్మగౌరవం, మనసు స్థితి కొలవాలంటే ఏ స్కేలు? ఎట్టా అడగాలి?

పెన్నాగట్టు:
నెల్లూరులో కీమో వార్డు స్టడీ. ఆత్మగౌరవానికి రోజెన్‌బర్గ్ స్కేలు, దిగులుకు పీహెచ్‌క్యూ-9 (తొమ్మిది ప్రశ్నల పట్టిక) అనుకున్నాం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. చదివి వినిపిస్తే చాలా?

ఒంగోలు_మనస్తత్వం:
వినిపించండి, పక్కన కొడుకూ కోడలూ లేకుండా. వాళ్లుంటే ప్రతిదానికీ ‘బాగానే ఉండాను నాయనా’ అనే జవాబే. రోగం పేరు పేషెంటుకు చెప్పారా అని డాక్టర్ని ముందే కనుక్కోండి. ఇంట్లో ‘గడ్డ’ అని చెప్పి తెచ్చుంటే, మీ సమ్మతి పత్రమే ఆ సంగతి బయటపెడుతుంది.

పీహెచ్‌క్యూ-9లో నిద్ర, ఆకలి, నీరసం ఉండాయి. కీమోలో అవి మందు వల్లా వస్తాయి గదా, దిగులు లేకపోయినా ఈ మూడింటికే 9 మార్కుల దాకా పడొచ్చు. హాడ్స్ (ఆందోళన, దిగులు కొలిచే ఆసుపత్రి స్కేలు) మేలు. 1983లో ఆసుపత్రి రోగుల కోసమే చేసింది. ఆందోళనకు 7 ప్రశ్నలు, దిగులుకు 7, ఒక్కోదానికి 21 మార్కులు. 8 నుంచి 10 అనుమానం, 11 నుంచి సైకియాట్రిస్టుకు చూపించాలి. ‘మందకొడిగా అయిపోయాను’ అనే ప్రశ్నలో మాత్రం నీరసం దూరుతుంది. లైసెన్సు తీసుకోవాలి.

గణాంకం:
రోజెన్‌బర్గ్ 10 వాక్యాల్లో 5 తనను తాను తక్కువ చేసుకునేవి, వాటికి తిరగేసి మార్కులెయ్యాలి. ప్రతుల్లో వరుస మారుతుంటుంది, నంబరు కాదు, వాక్యం చూసి తిరగెయ్యండి. ఇది మరిస్తే అందరూ మధ్యలో కుప్పపడతారు, ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకదాంతో ఒకటి పొసుగుతున్నాయా అని చెప్పే అంకె) పడిపోతుంది. 0–3 వేస్తే మొత్తం 30, 1–4 అయితే 40. ఏది వాడారో థీసిస్‌లో రాయకపోతే ఎవరూ పోల్చుకోలేరు.

ఒంగోలు_మనస్తత్వం:
‘నాలో చెప్పుకోదగ్గదేమీ లేదు’ అని చదివితే ‘లేదు’ అంటారు. అది ఒప్పుకోవడమా, కాదనడమా? మళ్లీ అడక్కుండా టిక్కు పెట్టొద్దు. నాలుగు జవాబులకు నాలుగు గ్లాసుల బొమ్మ చూపించండి: ఖాళీది, కొంచెం, సగం, నిండుది. హాడ్స్ అడిగేది గడిచిన వారం గురించి, ‘పోయిన సంత కాణ్ణించి’ అంటే పట్టుకుంటారు.

కావలి_నర్సు:
డ్రిప్ పెట్టకముందు, రక్తపరీక్ష రిపోర్టు కోసం కూర్చున్నప్పుడు అడగండి. డెక్సామెథాసోన్ (కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ మందు) పడ్డాక కొందరికి హుషారొస్తుంది, నిద్రుండదు. ఆపాక డీలా పడతారు. ప్రతి సైకిల్లో (కీమో విడతలో) అదే సమయం పాటించకపోతే మీరు కొలిచేది స్టెరాయిడ్‌నే.

పెన్నాగట్టు:
నాలుగో సైకిల్లో స్కోరు మెరుగైతే మనసు కుదుటపడినట్టేనా?

గణాంకం:
అట్టా అనలేం. ‘బాగుండటం’ అంటే ఏందో వాళ్ల లెక్కే మారుంటుంది. ఇప్పటి జవాబులు రాసుకున్నాక, ‘మొదటి కీమో నాడు ఎట్టా ఉన్నింది, ఇప్పుడు తలుచుకుని చెప్పండి’ అని అవే ప్రశ్నలు వెయ్యండి. అప్పుడు రాసినదానికీ దీనికీ తేడా వస్తే, వాళ్ల లెక్క మారిందని అనుమానించాలి. మరుపు కూడా కలిసుంటుంది, అది వేరుచెయ్యలేం.

ఒంగోలు_మనస్తత్వం:
పీహెచ్‌క్యూనే వాడితే, తొమ్మిదో ప్రశ్నకు (చచ్చిపోతే మేలనిపించిందా అనేదానికి) సున్నా తప్ప ఏ జవాబొచ్చినా ఆరోజే సైకియాట్రీకి పంపండి. టెలీ మానస్ (మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైను) నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి. ఎథిక్స్ కమిటీ ముందడిగేది ఇదే.