యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్ ఒక్క పూటలో చూడాలంటే?

తీగమల్లె:
క్యాంపస్ లోపలున్న తోట చూడ్డానికి ఒక్క పూటే టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలి? లేబుళ్ల మీది నంబర్లు దేనికి? రాలిన గింజలు ఏరుకోవచ్చా?

మర్రిఊడ:
గ్లాస్‌హౌస్‌తో, అంటే మొక్కల్ని వెచ్చగా, తేమగా ఉంచే అద్దాల ఇంటితో మొదలుపెట్టండి. చాలాచోట్ల తోట గేటు కన్నా ముందే దానికి తాళం పడుతుంది. పనిరోజుల్లో పార్కింగ్ స్టాఫ్‌కే అయ్యుండొచ్చు, బోర్డు చూసి బండి పెట్టండి. కెమెరాని ఏసీ కారులోంచి తిన్నగా గ్లాస్‌హౌస్ లోపలికి తీసుకెళ్తే లెన్స్ మసకబారుతుంది. తుడిచినా లాభం లేదు, లెన్స్ ఇంకా చల్లగానే ఉంటుంది కదా. బ్యాగు జిప్ తీయకుండా ఓ ఇరవై నిమిషాలు లోపలే ఉంచండి.

విక్టోరియా కలువ ఉంటే సాయంత్రం వెళ్లడం మేలు. మొదటి రాత్రి తెల్లగా విచ్చుకుని, రెండో రాత్రికి గులాబీ రంగుకి తిరుగుతుంది.

జిల్లేడు:
లేబుల్ మీద 2009-0147 అని ఉంటే, సాధారణంగా ఆ మొక్క 2009లో తోట రికార్డులకెక్కిన 147వ నమోదు అని అర్థం. నాటిన ఏడాది అనుకోకండి. గింజగా వచ్చి, నర్సరీలో కొన్నేళ్లు పెరిగాకే నేలలోకి దిగి ఉండొచ్చు. కొన్ని తోటలు ఒక అక్షరం కూడా వేస్తాయి: డబ్ల్యూ అంటే అడవిలో సేకరించింది, జి అంటే సాగులోంచి వచ్చింది, యు అంటే పుట్టుపూర్వోత్తరాలు తెలియనిది. పరిశోధనకి ఎక్కువ అక్కరకొచ్చేది డబ్ల్యూనే. శాస్త్రీయ నామం చివర ఎల్ ఉంటే పేరు పెట్టింది స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్.

గింజలు మాత్రం ముట్టుకోవద్దండీ. ఒకే ప్రజాతి (దగ్గరి బంధుత్వమున్న జాతుల గుంపు) మొక్కలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పుప్పొడి కలిసిపోతుంది, లేబుల్ మీదున్న మొక్కే మొలుస్తుందన్న నమ్మకం లేదు. పూలకి కట్టిన సంచులు కూడా విప్పకండి. పుప్పొడి కలవకూడదనే కడతారు, ఒక్కసారి విప్పితే ఆ ప్రయోగం పోయినట్టే.

తుమ్మికాడ:
అందరూ దాటేసి వెళ్లిపోయేవి మొక్కల కుటుంబాల వారీగా వేసిన మళ్లు. నన్నడిగితే సగం టైము అక్కడే పెట్టాలి. ఇటలీలోని పడువా యూనివర్సిటీ తోట 1545లో మొదలైంది వైద్య విద్యార్థులకి మందుమొక్కల్ని గుర్తుపట్టడం నేర్పడానికే. తులసి కుటుంబం మడి దగ్గర వంగి కాడలు చూడండి: తులసి, పుదీనా, తుమ్మి, అన్నిటికీ నాలుగు పలకల కాడ, ఎదురెదురు ఆకులు; చాలావాటికి పెదవుల్లా చీలిన పువ్వు.

మర్రిఊడ:
ఒకటి మర్చిపోయా. ఆకులతో పురుగుల్ని పట్టి తినే మొక్క వీనస్ ఫ్లైట్రాప్‌లో వేలు పెట్టకండి. ఆకు లోపలి రోమాన్ని ఇరవై సెకన్లలోపు రెండుసార్లు తాకితే మూసుకుంటుంది. లోపల పురుగు లేకపోతే మళ్లీ తెరుచుకోవడానికి ఇంచుమించు ఒక రోజు, ఆ శక్తంతా దండగ. అలా కొన్నిసార్లు జరిగితే ఆ ఆకు ఇక మూసుకోదు.