‘మద్యముతో మత్తులైయుండకుడి’: ఈ వాక్యం కావాకు వర్తిస్తుందా?

ప్రశ్న: ఫిజీ చర్చిల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అక్కడివారు తాగే కావాను నేను ‘సారా’ అని రాశాను. సంపాదకులు దాన్ని కొట్టేసి ‘మత్తుపానీయం’ అన్నారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5:18లోని పై వాక్యం కావాకు వర్తిస్తుందా? ఏ మాట వాడాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: సారా కానే కాదమ్మా. ఇందులో పులియబెట్టడం లేదు, బట్టీ లేదు. ఒక మొక్క వేరును ఎండబెట్టి, దంచి, చన్నీళ్లలో పిసికి వడగడతారు. ఆ మొక్క మన తమలపాకుకూ మిరియాలకూ దగ్గరి బంధువు, అన్నీ పైపర్ ప్రజాతివే. తాగితే నాలుక తిమ్మిరెక్కుతుంది, ఒళ్లు సడలుతుంది, ఎక్కువైతే నిద్ర ముంచుకొస్తుంది.

మీ వాక్యంతో దీనికి ఒక తమాషా సంబంధం ఉంది. కెప్టెన్ కుక్ రెండో యాత్రలో వెంట వెళ్లిన గేయోర్గ్ ఫోర్‌స్టర్ 1786లో ఈ మొక్కకు పైపర్ మెథిస్టికమ్ అని పేరు పెట్టాడు. మత్తెక్కించే మిరియమని అర్థం. ఎఫెసీ పత్రిక గ్రీకు మూలంలోని ‘మెథుస్కెస్థె’ అన్న క్రియదీ ఇదే మూలం. మన ‘మధువు’ కూడా దానికి దూరపు చుట్టమే. తెలుగు వాక్యంలోని మద్యం, మత్తు మాత్రం ‘మద్’ ధాతువు నుంచి వచ్చినవి. అంటే తీర్పు ఆ వృక్షశాస్త్రజ్ఞుడే ముందుగా ఇచ్చేశాడు!

పసిఫిక్ చర్చిలు ఆ తీర్పును ఏకగ్రీవంగా ఒప్పుకోలేదు. నిషేధం మద్యానికే అనుకుంటే కావాకు అడ్డు లేదు. మత్తుకు అనుకుంటే ఉంది. ఫిజీలో మెథడిస్టు పాస్టర్లు చాప మీద కూర్చుని అందరితో పాటు కావా పోసిన కొబ్బరిచిప్ప అందుకుంటారు. అతిగా తాగవద్దని చెప్పేదీ వాళ్లే. సెవెంత్ డే అడ్వెంటిస్టులు అసలు ముట్టరు. చాలా పెంతెకొస్తు సంఘాలదీ అదే వరస.

అయితే తొలినాటి మిషనరీలను ఎక్కువగా కలవరపెట్టింది మత్తు కాదని నా అభిప్రాయం. 1835లో వాళ్లు ఫిజీలోని లకెంబా ద్వీపంలో దిగేనాటికి కావా, అక్కడి మాటలో యంగోనా, దేవతలకు సమర్పించే వస్తువు. ‘బేతే’ అనే పూజారి దేవుడి ఇంట్లో దాన్ని తాగేవాడు. పూనకం వచ్చి దేవుడు అతని నోట పలికేవాడు. కొత్త మతానికి అసలు పోటీ ఆ పూనకమే. 1854లో థకొంబౌ రాజు క్రైస్తవం పుచ్చుకున్నాక బేతేల ప్రాభవం తగ్గింది. యంగోనా మాత్రం పెద్దల సభల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో నిలిచింది. చర్చి దానితో సర్దుకుపోయింది.

పసిఫిక్‌లోనే ఉన్న మరో దేశం వనువాతులోని తన్నా ద్వీపంలో అలా జరగలేదు. అక్కడి ప్రెస్బిటేరియన్ మిషన్ కావాను గట్టిగా అణచింది. 1940 ప్రాంతంలో జాన్ ఫ్రమ్ అనే మహిమగల వ్యక్తి పేరిట స్థానికుల ఉద్యమం లేచేసరికి జనం చర్చిలు ఖాళీ చేసి పాత ఆచారాలతో పాటు కావాకూ తిరిగి వెళ్లారు. మళ్లీ కావా పట్టడమంటే మిషన్‌ను కాదన్నట్టే.

మరొకరు: మరి ఫిజీలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు కదా మాస్టారూ, వాళ్ల సంగతి?

జవాబు: ఉన్నారండీ. మద్రాసు నుంచి గిర్మిట్ కూలీల, అంటే ఒప్పందం మీద వెళ్లిన కూలీల, మొదటి ఓడ 1903లో వెళ్లింది. ఫిజీ భారతీయులకు ఈ అలవాటు స్థానికుల నుంచి వచ్చింది. వాళ్ల ఫిజీ హిందీలో దాని పేరు ‘నంగోనా’, లేదా ‘గ్రాగ్’. గ్రాగ్ అంటే నిజానికి నావికులు నీళ్లు కలుపుకుని తాగే రమ్ము. పేరులో మందు ఉన్నా మర్యాదకు లోటు రాలేదు: రామాయణ మండలి పారాయణం ముగిశాక నంగోనా గిన్నె చుట్టూ చేరడం అక్కడ మామూలే. ముస్లిముల్లో తాగేవారూ ఉన్నారు, మత్తు కలిగించేదేదైనా హరామే అని వద్దనేవారూ ఉన్నారు. అక్కడా తగువు ‘మత్తు’ దగ్గరే.

మొదట అడిగినవారికి: యంగోనా అనే రాసి, తొలిసారి వచ్చినచోట ‘వేరు దంచి పిసికిన పానీయం’ అని విప్పి చెప్పండి. ‘మత్తుపానీయం’ అన్నది అడ్వెంటిస్టులు మాట్లాడే పేరాలో ఉండవచ్చు. మెథడిస్టు పాస్టరు గారి పేరాలోంచి మాత్రం తీసేయించండి.