అప్‌డేట్: చిన్న ఎస్‌యూవీయే తీసుకున్నాను

హైదరాబాద్‌లో రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లి రావడానికి చిన్న ఎస్‌యూవీ మేలా, హ్యాచ్‌బ్యాక్ (వెనక డిక్కీ విడిగా పొడుచుకురాని చిన్న కారు) సరిపోతుందా అని నాలుగు నెలల క్రితం అడిగాను కదా. ఎస్‌యూవీ తీసుకున్నాను: నాలుగు మీటర్ల లోపు పొడవు, 1.2 లీటర్ల టర్బో (ఎక్కువ గాలి నెట్టి ఇంజనుకు బలం పెంచేది) పెట్రోలు ఇంజను, ఆటోమేటిక్ గేర్లు.

అప్పుడు మైలేజీ గురించి హెచ్చరించినవారి మాటే నిజమైంది. లీటరుకు 11 కిలోమీటర్లు దాటడం లేదు. ఇది ట్యాంకు నింపిన ప్రతిసారీ కాగితం మీద వేసిన లెక్క. డాష్‌బోర్డు మాత్రం 12.5 చూపించి మురిపిస్తుంది. ట్రాఫిక్‌లో నత్తనడక నడిస్తే టర్బో ఏం చేస్తుంది పాపం!

అయినా బాధ లేదు, అమ్మ వల్ల. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పాత కారులోంచి దిగాలంటే తలుపు అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేచేది. ఇందులో సీటు ఎత్తుగా ఉంది, పక్కకు తిరిగి కాళ్లు కింద పెడితే చాలు. మా వీధి స్పీడ్ బ్రేకర్‌కు కారు అడుగు తగలడం కూడా ఆగింది.

ఒక్క జాగ్రత్త: ముందు అద్దం పక్కనున్న స్తంభం లావు. కుడివైపు మలుపులో బైకు మొత్తం దాని వెనక దాక్కుంటుంది. మెడ చాచి చూడడం అలవాటు చేసుకున్నాను.

వెనక సీటులో ముగ్గురు హాయిగా కూర్చుంటారని చెప్పినవారు ఒకసారి మధ్యలో కూర్చుని చూడండి.